చీమ సుబ్బయ్యకు ఫారిన్ ఆపరేషన్

మదనపల్లెలో సుబ్బయ్య ఇల్లు ఎక్కడని అడిగితే ఏ సుబ్బయ్య అంటారు. చీమ సుబ్బయ్య అనండి చాలు, పుంగనూరు నుంచి కుప్పం దాకా కన్ను ఆపరేషన్ చేయించుకున్న ముసలివాళ్లంతా దారి చెప్తారు. కంటి ఆస్పత్రిలో ముప్పై ఒక్కేళ్లు వార్డు అటెండరుగా చేసి రిటైరైన మనిషి ఆయన. క్యాంపుల నుంచి శుక్లాలు ముదిరినవాళ్లను వ్యానులో ఎక్కించుకొచ్చి, ఆపరేషన్ బల్ల మీద వాళ్ల తల కదలకుండా రెండు చేతులా పట్టుకోవడం ఆయన పని. బల్లెక్కి వణికేవాళ్లకు ఆయన చెప్పే ధైర్యం ఒకే ఒక్క ముక్క: "చీమ కుట్టినంత గూడా ఉండదు." ఆ చీమ పోయి పోయి ఆయన పేరుకే అతుక్కుంది.

అలాంటి మహానుభావుడి కుడికంట్లో శుక్లం పడి మూడేళ్లయింది, ఎడమకన్నూ అంతంతమాత్రమే. ఆయనేమో ఆస్పత్రి గేటు తొక్కడే! ఆదివారం చర్చిలో వాక్యం చదవమంటే పుస్తకం తెరిచి పట్టుకుని, నోటికి వచ్చిన కీర్తననే మళ్లీ మళ్లీ అప్పజెప్పేవాడు. సంఘంవాళ్లు అది ఆయన భక్తి అనుకున్నారు. భార్య దయామణి మాత్రం అనుకోలేదు. ఆమె పోరు పెట్టినప్పుడల్లా సుబ్బయ్య దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉండేది. తన చెల్లెలు రెజీనా ఇంగ్లండులో ఉంది, తను అక్కడికి వెళ్లి ఫారిన్ ఆపరేషనే చేయించుకుంటాడు, అక్కడ కత్తీ సూదీ ఏమీ ఉండవు, టార్చి లైటు వేసి తుడిచేస్తారు. పాస్‌పోర్టు ఏదని దయామణి అడిగితే మాత్రం చెవుడు వచ్చేది.

అసలు సంగతి సూది. ఆయన ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ కంటి కింద సూది వేసి మొద్దుబార్చేవాళ్లు. పేషెంట్లను పైకి చూడమంటారు కాబట్టి ఆ సూది వాళ్లకు కనిపించదు. తల పట్టుకున్నవాడికి కనిపిస్తుంది. ఎన్ని వేలసార్లు చూశాడో పాపం, ఆ సూది పొడవు ఆయనకు నిద్రలో కూడా తెలుసు. తను చెప్పే చీమ సంగతి నిజమో అబద్ధమో మాత్రం ఒక్కనాడూ తెలియదు.

ఇలా ఉండగా జనవరిలో రెజీనా ఫోన్ చేసింది. "అన్నా, కండ్లు మసకలు కమ్ముతాండాయి. ఆపరేషన్‌కు వస్తాండా."

"యాడికి?" అన్నాడు సుబ్బయ్య.

"మదనపల్లెకే. ఈడ నా వంతు వచ్చేదానికి సంవత్సరం పట్టేట్టుండాది. ఆడ నువ్వుండావు గదా."

తను వెళ్తానన్న ఫారినే విమానమెక్కి తన ఇంటికి వచ్చేస్తోంది. దయామణి విని, చేతిలో చేట కింద పెట్టి మరీ నవ్వింది.

వచ్చిన రోజు సాయంత్రమే రెజీనా బ్యాగులోంచి ఒక కాగితాల కట్ట తీసింది. పరాయి దేశానికి వెళ్లి కంటి ఆపరేషన్ చేయించుకునేవాళ్లు తెలుసుకోవలసినవన్నీ ఆమె కూతురు అచ్చు తీసి ఇచ్చిందట. రెజీనా ఒక్కొక్కటే అడిగింది. సుబ్బయ్య కాలు మీద కాలేసుకుని జవాబులిచ్చాడు. ముందు రోజు షుగరు, బీపీ చూస్తారు. చుక్కల మందు వేస్తారు. బల్ల మీద ఇరవై నిమిషాలు. తరువాత వారం రోజులు తల మీద నీళ్లు పోసుకోకూడదు, కన్ను నలపకూడదు, బరువెత్తకూడదు. రెజీనా అన్నీ రాసుకుంది. చివరికి కాగితం మడిచి, నీకు చేసినప్పుడు ఎలా ఉండిందన్నా అని అడిగింది.

వంటింట్లోంచి దయామణి జవాబు చెప్పేసింది. మీ అన్న మీ దేశం వచ్చి చేయించుకుందామని మూడేళ్లుగా మూట సర్దుకుంటున్నాడు రెజీనా అని.

రెజీనా నవ్వలేదు. అన్న కళ్లలోకి చూసింది. "నీకే భయమైతే నన్ను యాల పొమ్మంటాండావు? ఆడ రాత్రయితే కారు లైట్లు చెదిరిపోయి రోడ్డు దాటలేకుండా నిలబడిపోతా. నిన్ను నమ్ముకోని వచ్చినా. నువ్వు ముందు పో అన్నా. నువ్వు పోకుంటే నేనిట్లే తిరిగి పోతా."

తిరుగు టికెట్‌కు పద్దెనిమిది రోజులే ఉన్నాయి. చెల్లెలు అన్నంత పనీ చేసే మనిషి. చూపు లేకుండా ఆమెను విమానం ఎక్కించడానికి సుబ్బయ్యకు మనసొప్పలేదు. సరే అన్నాడు. అన్నాడే గానీ, లోపల వేరే లెక్క వేసుకున్నాడు. పరీక్షల్లో ఏదో ఒకటి అడ్డం పడదా అని. ఏం పడుతుంది? షుగరు లేదు, బీపీ కుర్రవాడిలా ఉంది. డాక్టరు లైటు వేసి చూసి, పెద్దాయనా, ఇది పండిపోయింది, ఇంకా ఎప్పుడు రావాలనుకున్నారు అన్నాడు.

గురువారం పొద్దున అన్నాచెల్లెళ్లిద్దరికీ పచ్చ గౌన్లు తొడిగి బెంచీ మీద కూర్చోబెట్టారు. రాణి అనే నర్సు వచ్చి సుబ్బయ్య కుడి కనుబొమ్మ మీద చిన్న తెల్ల ప్లాస్టరు అంటించింది. ఏ కంటికి ఆపరేషనో గుర్తు అది. ముప్పై ఒక్కేళ్లు ఆ ప్లాస్టరు అంటించింది సుబ్బయ్యే. అది లేని మనిషిని లోపలికి తీసుకోరని ఆయనకు తెలియనిది కాదు. రాణి అటు వెళ్లగానే ఒంటేలుకని బాత్రూముకు వెళ్లి, దాన్ని పీకి విదిలించాడు. వేలికి అంటుకుంది. మళ్లీ విదిలించాడు. ఈసారి కనిపించలేదు. పీడ విరగడైందనుకుని వచ్చి కూర్చున్నాడు.

అదెక్కడికీ పోలేదు. కుడి భుజం మీద కూర్చుంది. కుడికంటితో చూపుంటే కదా కనబడటానికి!

పక్కన పుంగనూరు గురప్ప కూర్చుని ఉన్నాడు. పన్నెండేళ్ల కిందట ఒక కన్ను సుబ్బయ్య చేతుల్లోనే చేయించుకుని, ఇప్పుడు రెండోదానికి వచ్చాడు. చుక్కలు వేసిన కన్నుతో ఆ ప్లాస్టరును చూసి అదిరిపోయాడు. "సుబ్బన్నా! ఇది ఊడితే ఏ కన్ను కోస్తారో నాకే తెలీదని నువ్వే గదా మమ్మల్ని బెదిరిస్తాంటివి?" అంటూ దాన్ని తీసి, ఎదురుగా నిలబడి, గురువు రుణం తీర్చుకుంటున్నట్టు సుబ్బయ్య నుదుటి మీద గట్టిగా అదిమాడు. ఎడమ కనుబొమ్మ మీద.

అప్పుడే రాణి ఫైలు పట్టుకుని పిలవడానికి వచ్చింది.

సుబ్బయ్యకు ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. ఫైలొక మాట, ప్లాస్టరొక మాట చెబితే ఆ మనిషిని ఆ రోజుకు పక్కన పెడతారు. నోరు మూసుకుని కూర్చుంటే చాలు, ఇంటికి వెళ్లిపోవచ్చు. తప్పు తనది కూడా కాదు. దేవుడు గురప్ప రూపంలో వచ్చాడని లోపల స్తోత్రం కూడా చెప్పుకున్నాడు.

కానీ ఎడమ కనుబొమ్మ మీద ఆ ప్లాస్టరు కాలుతున్నట్టే ఉంది. ముప్పై ఒక్కేళ్లలో ఆయన వార్డులో ఒక్క ప్లాస్టరు తప్పు కంటికి వెళ్లలేదు. ఒక్కటంటే ఒక్కటి. వేళ్లు జివజివలాడాయి. రాణి ఫైలు ఇంకా తెరవనే లేదు.

"ఏమ్మా, నాది కుడి కన్ను," అనేశాడు. "ప్లాస్టరు ఎడమ పక్క ఉండాది సూడు. ఇట్లేనా పని చేసేది?" అని గద్దించి, తనే దాన్ని పీకి కుడి కనుబొమ్మ మీద సరిగ్గా పెట్టి, బొటనవేలితో రెండుసార్లు ఒత్తాడు. ఒత్తాక గానీ ఏం చేశాడో తెలిసిరాలేదు. రాణి అప్పటికే చెయ్యి పట్టుకుని లేపింది.

బల్ల మీద పడుకుని సూది కోసం వెతికాడు. సూది లేదు, ఆయన రిటైరయ్యాక వచ్చిన పద్ధతిలో మొద్దుబార్చే చుక్కలే వేశారు. ముఖం మీద గుడ్డ కప్పారు. కాళ్లు వణకడం ఆయనకే వినిపించింది. అప్పుడు ఎవరివో రెండు చేతులు వచ్చి అటూ ఇటూ తల పట్టుకున్నాయి. రాణి గొంతు చెవి దగ్గర పలికింది. "కదలొద్దప్పా. చీమ కుట్టినంత గూడా ఉండదు."

"ఆ మాట నీకెవురు చెప్పినారమ్మా?" అన్నాడు సుబ్బయ్య గుడ్డ కింద నుంచి.

"ఒగరు చెప్పేదేముండాదప్పా, ఈడ అందరం అనేదే."

తన మాట తనకే చెబుతున్నారు. అందులో నిజమెంతో చెప్పేవాళ్లకే తెలియదని తనకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా ఎంత హాయిగా ఉంది! వణుకు ఆగిపోయింది. కన్నీళ్లు పెట్టుకోవద్దు పెద్దాయనా, పనికి అడ్డం అని డాక్టరు కసిరాడు.

కంటికి కట్టుతో బయటికి వచ్చేసరికి రెజీనా బెంచీ అంచున కూర్చుని ఉంది. రెండు చేతులూ ఒళ్లో బిగబట్టుకుంది. "అన్నా, నాకు నిజం చెప్పు," అంది.

మధ్యలో ఒకసారి కంటి మీద ఏదో గుచ్చినట్టు చురుక్కుమన్న మాట నిజమే.

"కుట్టింది," అన్నాడు. "ఒగటే. సిన్న చీమ."

రెజీనా ఊపిరి వదిలి, చెప్పులు విడిచి లేచింది. "ఒగటే గదా, పోతా," అంది. గురప్ప మాత్రం నొచ్చుకుని, అయితే పన్నెండేళ్ల కిందట నాకు చెప్పింది అబద్ధమా సుబ్బన్నా అని అడిగాడు. సుబ్బయ్య అప్పటికే కదిలాడు. తలుపు దాకా చెల్లెలి వెంట వెళ్లి రాణిని ఆపాడు.

"మా సెల్లెలమ్మా. తల బాగా పట్టుకో," అన్నాడు. "చీమ మాట మాత్రం చెప్పొద్దు. నేను చెప్పేసినా."