పాప తల కింద నుంచి తుపాకీ కిందికి

నేను ఒక ఆవాల దిండుని. పసిబిడ్డ తల గుండ్రంగా రావాలని పెడతారే, ఆ చిన్న దిండుని. అలాంటి నేను తుపాకీని మోశానంటే నవ్వుతారు. నవ్వండి, కానీ వినండి!

నన్ను కుట్టింది ఓబులమ్మ. కూతురు నాగవేణి కాన్పుకి వచ్చినప్పుడు, అరిగి మెత్తబడిన నూలుచీర కొంగు చించి, ఎండబెట్టిన ఆవాలు నా పొట్టలో పోసింది. "నిండా పోస్తే రాయి అయితాది, తక్కువైతే తల నేలకు తగుల్తాది" అంటూ పోసి, తీసి, మళ్ళీ పోసింది. తర్వాత పాప వచ్చింది. దాని వెచ్చటి తల నా నడిమి గుంటలో! అప్పుడు నేను రాణినే.

నాగవేణి పోలీసు కానిస్టేబులు. కాన్పుకు ముందు జిల్లా తుపాకీ పోటీల జట్టులో ఉండేది. సెలవు అయిపోయి డ్యూటీకి పోతూ, పాపను తల్లి దగ్గర వదిలి నన్ను సంచిలో వేసుకుంది. పాప అప్పటికే బోర్లా పడుతోంది, నాతో పని తగ్గింది. కానీ పాప వాసన నాలో ఉంది కదా! పాలు తాగిందో లేదో, ఒళ్ళు వెచ్చబడిందేమో అని గుబులు పుట్టినప్పుడల్లా సంచిలో ముఖం పెట్టేది. ఫోనూ చేసేది, వాసనా చూసేది. మనుషులకు ఒకదానితో తృప్తి ఉండదు.

జట్టును ఎంచుకునే రోజు వచ్చింది. ఫైరింగు మైదానంలో నాగవేణి కాల్చింది. ఒక గుండు ఎడమకు, ఇంకొకటి కిందికి. భయపడి సర్దుకుంటే మూడోది మరెటో!

పక్కన జట్టువాడు సుంకన్న ఊరుకోలేదు. "ఏందక్కా, తుపాకీని ఉయ్యాల ఊపినట్టు ఊపుతుండావ్! పిల్లతల్లివి, ఇంక ఆఫీసు కుర్చీనే నీకు మేలులే."

అందరూ నవ్వారు. నాగవేణి ముఖం పాలిపోయింది. ఈరోజు జట్టులోంచి పేరు పోతే, ఎప్పటికీ "పిల్లతల్లి" అనే పక్కన పెడతారు.

తుపాకులు బాగుచేసే దస్తగిరి సార్ చెయ్యెత్తాడు. "నవ్వులు ఆపండప్పా. తప్పు చేతిదా, తుపాకీదా? కదలకుండా దేనిమీదైనా ఆనించి కాలిస్తే తేలిపోతుంది."

దేనిమీద? అదే చిక్కు! చెక్కపెట్టె మీద పెడితే తుపాకీ దూడలా ఎగిరింది. అక్కడి ఇసుక సంచి వానకు తడిసి బండై, ఒక పక్కకు ఒరిగింది. దుప్పటి మడతేస్తే మెల్లమెల్లగా కుంగి, గురి నేలచూపులు చూసింది.

"పట్టుపరుపు కావాలేమో దీనికి! దిండు కూడా తెమ్మంటావా అక్కా?" అన్నాడు సుంకన్న.

నాగవేణి చప్పున లేచింది. "ఉండాది!"

సంచిలోంచి నేను! ఇంతమంది ఖాకీల మధ్య, పాల మరకలతో!

ఆత్రంలో నన్ను గొట్టం కింద పెట్టేసింది. "అక్కడ వద్దు తల్లీ, పేలేటప్పుడు గొట్టం అదురుతుంది. ఎడమచేత్తో పట్టుకునే ఆ ముందరి కట్టె కింద పెట్టు" అన్నాడు దస్తగిరి సార్. ఆమె నా నడుమ పిడికిలితో చిన్న గుంట చేసింది, పాప తలకు చేసినట్టే. కట్టె అందులో ఒదిగింది. నా ఆవాలన్నీ సర్దుకుని గట్టిగా పట్టుకున్నాయి. కదలొద్దు, కదలొద్దు!

ఢాం! ఒళ్ళంతా ఝల్లుమంది. మళ్ళీ ఢాం!

గురిపలక మీది కాగితం తెచ్చి చూస్తే, చిల్లులన్నీ ఎడమవైపు కింద ఒకేచోట. పాప అరచేత్తో మూసేయొచ్చు.

"ఇప్పుడు ఇదే తుపాకీతో నువ్వు కాల్చు సుంకన్నా" అన్నాడు సార్.

వాడివీ అక్కడే పడ్డాయి! "ఎవరు కాల్చినా అక్కడికే పోతాంది. గొట్టం కొసన ఉండే గురిముక్క పక్కకూ పైకీ జరిగింది, అంతే" అని సార్ దాన్ని సరిచేశాడు. ఈసారి నాగవేణి నన్ను పక్కన పెట్టి, తన మోచేతుల మీదే ఆనుకుని కాల్చింది. గుండ్లు నడిమి నల్లచుక్కను చీల్చాయి! జట్టులో ఆమె పేరు నిలిచింది.

"మనసులో పెట్టుకోవద్దక్కా" అన్నాడు సుంకన్న, బూట్లు చూసుకుంటూ.

"పెట్టుకోనులే. ఆదివారం ఇంటికొచ్చి మా పాపకు ఉయ్యాల ఊపిపో. నీకు బాగా తెలుసు కదా!"

ఇంటికి పోగానే ఓబులమ్మ నన్ను వాసన చూసి అదిరిపడింది. "థూ, తుపాకీ మందు కంపు! దీన్ని బిడ్డ తల కింద పెడతావా?" పాపకు కొత్త దిండు కుట్టింది. నేను తుపాకుల గదికి చేరాను. ఆయుధపూజకు వాటితోపాటు నాకూ బొట్టు పెడతారు. గురి తప్పిన ప్రతివాడూ మెల్లగా వచ్చి, "సార్, ఆ పాప దిండు ఒకసారి ఇస్తారా?" అంటాడు. అందరికన్నా ఎక్కువసార్లు అడిగేది సుంకన్నే.

నాగవేణి కూడా వస్తుంది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని నన్ను ముఖానికి ఆనించుకుంటుంది. నాలో ఇప్పుడు తుపాకీ నూనె వాసన తప్ప ఏమీ లేదు. అయినా కళ్ళు మూసుకుని నవ్వుతుంది.