ఒకే కణం సంతానం

నేను ఒక గ్రంథిని. మనుషులు నాకు సొంత పేరు పెట్టలేదు. మెడలో ముందు థైరాయిడ్‌ను చూశారు, దాని వెనకున్న మమ్మల్ని పారాథైరాయిడ్ అన్నారు. అంటే థైరాయిడ్ పక్కవాళ్లం. మేం నలుగురం, ఒక్కొక్కరం బియ్యపు గింజంత. నెత్తురులో కాల్షియం తగ్గితే ఎముకల నుంచి తెప్పించడం, సరిపోతే ఊరుకోవడం మా పని.

నేనున్నది ఢిల్లమ్మ మెడలో. పలాసలో జీడిపిక్కలు ఒలిచేది. నలభై ఏళ్లు నాకు పెద్ద పని పడలేదు. తర్వాత ఆమె కిడ్నీలు చెడ్డాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్, ఆరేళ్లు. కాల్షియం తగ్గుతూనే ఉంది, నేను తెప్పిస్తూనే ఉన్నాను. పనితోపాటు పెరిగాను. ఆ మధ్య నా కణాల్లో ఒకదానికి పదకొండో క్రోమోజోములో ముక్క పోయింది. కణానికి 'ఇక చాలు' అని చెప్పే జన్యువు అందులోనే ఉంది. ఆ కణం చీలింది, దాని పిల్లలు చీలాయి, నేను జీడిపలుకంత అయ్యాను. కాల్షియం సరిపోయినా ఆగలేదు. ఒకరోజు ఆమె దగ్గితే పక్కటెముక విరిగింది.

ఆపరేషన్ చేసి మా నలుగురిలో మూడున్నర మందిని తీసేశారు. నాలో కొంత పరీక్షకు పోయింది. మిగతా నన్ను విద్యార్థులకు చూపడానికి డాక్టర్ పరిమళ ఒక సీసాలో పెట్టి, బల్ల మీద ఉంచుకున్నారు. నెల తర్వాత ఢిల్లమ్మ, కూతురు ఊర్వశి వచ్చారు. ఊర్వశికి ఐదో నెల.

"ఇదేటి, నా మెడలోదేనా?" అంది ఢిల్లమ్మ. "మా ఫేక్టరీలో అయితే పుచ్చుదని ఏరిపారేద్దుం."

డాక్టర్ రిపోర్టు చదివారు. "జన్యువుల్లో మార్పు ఉందమ్మా. ఇందులో కణాలన్నీ ఒకే కణం సంతానం."

ఢిల్లమ్మకు రెండు మాటలే వినబడ్డాయి: జన్యువు, సంతానం.

"ఒలే గుంటా, నువ్వు బయటికెల్లి కూకో," అంది కూతురితో.

"నానెందుకెల్తాను? నా గురించే కదేటి అడగబోతన్నావు." ఊర్వశి డాక్టర్ వైపు తిరిగింది. "అమ్మది నాకొచ్చిందా మేడం? కడుపులో దానికి?"

"లేదమ్మా. సంతానం అన్నది కణం పిల్లల్ని. ఈ మార్పు మీ అమ్మకు పుట్టుకతో వచ్చింది కాదు. ఆమె రక్తంలోనూ చూశాం, అక్కడ లేదు. ఈ గ్రంథిలోనే వచ్చింది, మీకు రాదు."

"మరా మాటెందుకన్నారమ్మా? పానం పోనాది," అంది ఢిల్లమ్మ.

"మా పుస్తకాల్లో అలాగే ఉంటుంది."

"ఆ పుస్తకాలోల్లకి కడుపుతో ఉన్న కూతుర్లు లేరేటి?"

డాక్టర్ రిపోర్టు పక్కన పెట్టారు. కిడ్నీల సంగతి వేరని, అవి ఎందుకు చెడ్డాయో తనకూ తెలియదని చెప్పారు. అయితే తన కిడ్నీలు కూడా చూడమని ఊర్వశి చెయ్యి చాపింది, నర్సు రక్తం తీసింది. రెండు గంటల తర్వాత తల్లీకూతుళ్లు కాగితం పట్టుకుని మళ్లీ లోపలికి వచ్చారు.

"క్రియాటినిన్ సున్నా పాయింటు ఆరు," అని చదివింది ఊర్వశి.

"మల్లీ సదువు."

చదివింది. కిడ్నీలు చెడేకొద్దీ పెరిగే ఆ అంకె ఆరేళ్లుగా ఢిల్లమ్మ కాగితాల మీద ఎనిమిదికి తగ్గలేదు. మూడోసారి చదివించుకుని, కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. వెళ్లేటప్పుడు నా వైపు చూడలేదు. చూడాల్సిన పనీ లేదు.