గ్యారేజీలో కారు పూజ

రాత్రంతా గ్యారేజీలో ఉన్న నిమ్మకాయలు చలికి రాళ్ళయిపోయాయి. చాముండేశ్వరి ఒకదాన్ని నేలకేసి కొట్టి చూసి, "ఇవి చక్రాల కింద నలుగుతాయా, చక్రాలే నలుగుతాయా?" అంది.

కోడలు ఉజ్వల నవ్వింది. ఏడో నెల కడుపు మీద కోటు గుండీ పట్టక చేతులు అడ్డం పెట్టుకుని నిలబడింది. అమెరికాలో ఈ నోవై ఊళ్ళో రెండో బండి లేకపోతే పురుడొచ్చే వేళకి ఎలాగని పోరు పెట్టి, ఆమె కోసం ఈ పాత కారు కొనిపించింది చాముండేశ్వరే. పూజ కాకుండా అది రోడ్డెక్కడానికి వీల్లేదన్నదీ ఆవిడే.

కొడుకు చక్రపాణి తాళం తిప్పాడు. కారు మూలిగి, దగ్గి, ఒళ్ళంతా వణుకుతూ చివరికి అందుకుంది.

"కాసేపు వార్మప్ అవ్వాలమ్మా. ఈ చలికి ఇంజిన్ ఆయిల్ ముద్దకట్టి ఉంటుంది."

"అవనీరా. నా అష్టోత్తరం పూర్తయ్యేసరికి అదీ వేడెక్కుతుంది."

ఎత్తి ఉన్న తలుపులోంచి గాలి మంచుపొడిని తెచ్చి మొహాన కొట్టింది. దీపం ఆరింది. వెలిగించింది. మళ్ళీ ఆరింది. కడుపుతో ఉన్న పిల్ల ఎదుట అలా జరగడం ఆవిడకి గుండెల్లో ముల్లులా గుచ్చుకుంది.

"చక్రీ, ఆ తలుపు దించు."

"ఇంజిన్ ఆన్‌లో ఉంది కదమ్మా. పొగ..."

"కాసేపేగా. పోనీ, చిన్న సందు వదులు."

సందులోంచి గాలి ఈల వేసుకుంటూ మరింత జోరుగా దూరింది. ఆవిడ కొడుకు వైపు చూసింది. చక్రపాణి పనిచేసేది కార్ల కంపెనీలో, అదీ ఇంజిన్ల విభాగంలో. అయినా పూజ పళ్ళెం పట్టుకున్న తల్లి ముందు పసివాడైపోతాడు. గోడ మీది మీట నొక్కాడు. తలుపు నేలకి ఆనింది.

"నువ్వు కార్లో కూర్చోవే, వెచ్చగా ఉంటుంది. ఒట్టి మనిషివి కాదు."

"సరే అత్తయ్యా. మీరు మాత్రం తొందరగా కానివ్వండి, ఆకలేస్తోంది."

దీపం కదలకుండా నిలిచింది. చాముండేశ్వరి ప్రాణం కుదుటపడింది. నామానికో చిటికెడు కుంకుమ బానెట్ మీద వేస్తూ నింపాదిగా చదివింది. అగరొత్తుల ఘాటులో పొగ వాసన కలిసిపోయింది. సగానికి వచ్చేసరికి కణతలు పోటెత్తాయి. పొద్దున కాఫీ తాగకపోవడం వల్లేననుకుంది. చక్రపాణి గోడకి ఆనుకుని, "తల పగిలిపోతోందమ్మా" అన్నాడు.

"అయిపోవచ్చిందిరా."

హారతి వెలిగించి పళ్ళెం కారు అద్దం దగ్గరికి తీసుకెళ్ళింది. "కళ్ళకద్దుకోవే." ఉజ్వల తల పక్కకి వాలి ఉంది. కునుకు పట్టిందనుకుని అద్దం మీద వేలితో తట్టింది. మళ్ళీ తట్టింది.

ఆ చప్పుడుకి చక్రపాణి కళ్ళు విప్పి చూశాడు. మీట దాకా వెళ్ళబోయి మోకాళ్ళ మీద పడ్డాడు. పాకుతూ వెళ్ళి నొక్కాడు. తలుపు లేచింది. ఇద్దరూ తూలుతూ ఆమెను మంచులోకి ఈడ్చుకొచ్చారు.

ఆస్పత్రిలో ముగ్గురి మొహాలకీ ఆక్సిజన్ మాస్కులు పెట్టారు. ఉజ్వల కళ్ళు తెరిచింది. నర్సు ఆమె పొట్ట మీద పరికరం ఆనించి వింది. గరగరమన్న చప్పుడు తప్ప ఏమీ లేదు. కిందికి జరిపింది, పక్కకి జరిపింది, మళ్ళీ మొదటి చోటికే వచ్చింది. ఎవరి కళ్ళలోకీ చూడకుండా ఇంగ్లీషులో ఏదో చెప్పి, డాక్టరు కోసం వెళ్ళిపోయింది. చక్రపాణి గోడవైపు తిరిగాడు. చాముండేశ్వరికి ఇంగ్లీషు రాదు. వచ్చి ఉంటే మాత్రం ఇంతకన్నా ఏం అర్థమయ్యేది?

"అత్తయ్యా, మొన్న చెకప్‌లో టకటకమని వినపడిందిగా. మీరూ విన్నారుగా."

"విన్నానమ్మా."

"మరి ఇప్పుడు?"

చాముండేశ్వరి ఉజ్వల చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. తర్వాత ఒక చేత్తో తన మాస్కు కిందికి లాగి, "తలుపు నేనే వేయించానమ్మా" అంది.

ఉజ్వల ఆవిడ మొహంలోకే చూస్తూ తన చేతిని మెల్లగా వెనక్కి తీసుకుంది.