తేలిక స్టాండుకి బరువు కల్వం

టెలిస్కోపు కొన్నవాడికి చుక్కలు రాత్రిపూట కనిపిస్తాయి. దానికి స్టాండు కొనబోయినవాడికి పట్టపగలే కనిపిస్తాయి.

విజయనగరంలో లెక్కలు చెప్పుకునే మోహనకృష్ణ మేస్టారికి ఆ మధ్యాహ్నం ధర్మేంద్ర ఫొటో స్టూడియోలో అవే కనిపిస్తున్నాయి. ఎదురుగా బల్ల మీద రెండు స్టాండ్లు, రెంటికీ మూడేసి కాళ్ళు. మేస్టారికున్న రెండు కాళ్ళే పీకుతున్నాయి, అప్పట్నుంచీ నిలబడే ఉన్నాడు మరి.

"ఏటి మేస్టారూ, పెళ్ళిసూపులా? ఏదో ఒకదానికి తలూపీయండి" అన్నాడు ధర్మేంద్ర.

"కాళ్ళబేరానికి వచ్చానయ్యా. తొందరపడితే కాలు జారుతుంది."

ధర్మేంద్ర నవ్వాడు. మేస్టారి మాటలకి నవ్వడం ఆ పేటలో అందరికీ అలవాటే. పాలవాడూ నవ్వుతాడు, పోస్టుమేనూ నవ్వుతాడు. నవ్వనిది ఇంట్లో చూడామణి ఒక్కర్తే. ఆవిడ వీణ టీచరు. అపశ్రుతి ఎక్కడ మొదలవుతుందో ఆవిడకి ముందే వినపడుతుంది.

టెలిస్కోపు చిన్నదే, చంకలో పెట్టుకుని బస్సెక్కొచ్చు. దాని ఇనప స్టాండు మాత్రం ఎత్తితే నడుం పట్టేసేది. అది డాబా మీదకి తప్ప ఎక్కడికీ రాదు. డాబా మీంచి చూస్తే వీధి దీపాలూ, ఎదురింటి వాటర్ ట్యాంకూ తప్ప ఏమీ కనపడవు. శృంగవరపుకోట అవతల కొండల దగ్గర చీకటి బాగుంటుందని విన్నాడు మేస్టారు. వెలుగు కోసం కోవెలకెళ్ళేవాళ్ళుంటారు, చీకటి కోసం కోటకెళ్తానంటాడీయన. అందుకే తేలికపాటిది వెతుకుతున్నాడు.

ఇందులో చిక్కేమిటంటే, ఇనపదాని తరవాత ఒక ప్లాస్టిక్‌ది కూడా కొన్నాడు, అది విరిగి అటకెక్కింది. అప్పుడే చెప్పేసింది చూడామణి, "ఇంకో మూడు కాళ్ళు ఈ గడప తొక్కితే, నా రెండు కాళ్ళూ గడప దాటతాయి" అని. ఆవిడ జన్మలో విసిరిన ఒకే ఒక్క చమత్కారం అది. దానికి మాత్రం మేస్టారికి నవ్వు రాలేదు.

"ఇది నాలుగు ముక్కల కాలు" అని ధర్మేంద్ర మొదటిదాన్ని తట్టాడు. "లావుగా ఉంటాది. గాలికి కదల్దు. కాపోతే మడిసినా పొడుగే. ఇదేమో అయిదు ముక్కల కాలు. ఈకలాగుంటాది, మడిస్తే మూరెడు. అయితే అడుగు ముక్కలు సీపురుపుల్లల్లాగుంటాయి సూడండి. గాలొచ్చిందంటే సలిజొరం వచ్చినోడిలాగ ఒణికీస్తాది. నా మాటిని మొదటిది పట్టుకెళ్ళండి."

మేస్టారి బుర్రలో గాలి లేదు, కొండ లేదు, చుక్క లేదు. ఇంట్లో బీరువా ఉంది. అందులో తన అరలో, రగ్గు మడతల వెనక ఉన్న జాగా ఉంది. నాలుగు ముక్కలది అందులో పట్టదు.

"ఇదే ఇయ్యి" అన్నాడు రెండోది పట్టుకుని.

"మొయ్యడానికి తేలికనా?"

"అవును" అన్నాడు మేస్టారు. నిజానికి దాయడానికి తేలికని. తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నాడు వెనకటికొకడు. ఆ కుందేలు బీరువాలో పడుతుందా లేదా అని కూడా చూసుకున్నవాడు మన మేస్టారు.

ధర్మేంద్ర నిట్టూర్చి, స్టాండు నడిమధ్య కిందకి వేలాడుతున్న కొక్కెం చూపించాడు. "దీనికి బరువేదైనా తగిలించండి, కుదురుగా నిలబడతాది. కొండ మీద రాళ్ళకేటి లోటు, సంచిలో నాలుగేసి కట్టీయండి."

ఆ వారం ఆదివారం, కొత్తవలసలో ఒక కొలీగు మెట్ల మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడని ఇంట్లో చెప్పాడు మేస్టారు. సంచి సర్దుకుంటుంటే రాళ్ళ సంగతి గుర్తొచ్చింది. లెక్కల మనిషి కదా, లెక్క కట్టాడు. రాయి కన్నా ఇత్తడి సాంద్రత ఎక్కువ. కొంచెం చోటులో ఎక్కువ బరువు. సరిగ్గా కళ్ళెదుట పూజగది అలమరలో చూడామణి ఇత్తడి కల్వం ఉంది. ఏటా వినాయక చవితికి కుడుముల్లోకి యాలకులు నూరేది అందులోనే. గుప్పెడంత ఉంటుంది, గుండంత బరువు. దాన్ని గుడ్డసంచిలో వేసుకున్నాడు. రాత్రికి తెచ్చి అక్కడే పెట్టేస్తే ఎవరికి తెలుస్తుంది? లెక్క సరిపోయింది. ఆ కల్వం చూడామణికి వాళ్ళ అమ్మమ్మ ఇచ్చిందన్న సంగతి మాత్రం ఆ లెక్కలోకి రాలేదు.

కొండ మీద ధర్మేంద్రా, తనూ. సూర్యుడు అటు దిగగానే కొండ అంచు మీద శుక్రుడు వెలిగాడు. స్టాండు ధర్మేంద్ర చెప్పినట్టే వణికింది. కొక్కేనికి కల్వం తగిలించేసరికి బుద్ధిగా నిలబడింది. టెలిస్కోపులో శుక్రుడు గుండ్రంగా లేడు, కోసిన కొబ్బరిచెక్కలా సగమే ఉన్నాడు. మేస్టారు చిన్నపిల్లాడిలా, "ఒరే ధర్మేంద్రా, సగం చాలురా, సగం చాలు!" అని అరిచాడు. అంత సంతోషం ఆయనకి పెళ్ళిలో కూడా కలగలేదు. ఆ మాట చూడామణి ముందు అనడనుకోండి, అది వేరే కథ.

అంతలో కొండ వెనకనుంచి వాన దిగింది. చెప్పకుండా వచ్చే చుట్టం. ముందు టెలిస్కోపు చంకలో దాచుకున్నాడు, సంచి కొక్కెం నుంచి తీసి బండ మీద పెట్టాడు, స్టాండు మడిచాడు, ఇద్దరూ పరుగో పరుగు. బస్సులో కూర్చున్నాక, వచ్చినప్పటికన్నా వెళ్ళేటప్పుడు సామాను తేలిగ్గా ఉందే అని మురిసిపోయాడు కూడా. ఎందుకు తేలికయిందో ఇంటి గుమ్మంలో తెలిసింది.

మర్నాడు ధర్మేంద్ర బండేసుకుని పోయి వెతికొచ్చాడు. బండ ఉంది, కల్వం లేదు.

చెబుదామనే అనుకున్నాడు మేస్టారు. కానీ కల్వం గురించి చెప్పాలంటే కొండ గురించి చెప్పాలి, కొండ గురించి చెప్పాలంటే స్టాండు గురించి చెప్పాలి, స్టాండు గురించి చెబితే కొత్తవలసలో విరిగిన కాలు అతుక్కుపోతుంది. సోమవారం చెప్పలేదు. మంగళవారం గొంతు సవరించుకున్నాడు, దగ్గొచ్చింది. రోజు గడిచేకొద్దీ చెప్పాల్సినదానికి వడ్డీ పెరిగింది.

చవితి ముందు రోజు పొద్దున్న చూడామణి అలమర తీసింది.

"లక్ష్మణమ్మా, కల్వం ఏదీ?"

లక్ష్మణమ్మ ఆ ఇంట్లోనూ, ఆ వీధిలో ఇంకో రెండిళ్ళలోనూ అంట్లు తోమి, ఇల్లు తుడిచే మనిషి. మేస్టారి కూతురు సంహిత పుట్టక ముందునుంచీ వస్తోంది. సంహిత ఇప్పుడు కాకినాడలో ఇంజనీరింగు చదువుతోంది. పండక్కి పూజసామాను చింతపండు పెట్టి తోమింది లక్ష్మణమ్మే.

"అదందులో నేదమ్మగోరూ. నాను తోమినప్పుడే నేదు. మీరే తీసి దాసినారనుకున్నాను."

"లేకపోతే అప్పుడే చెప్పొద్దూ?"

"అడక్కుండా ఏటి సెప్పీది?"

చూడామణి దొంగతనం అనే మాట అనలేదు. మంచి కుటుంబంలో పుట్టింది, అలాంటివి అనదు. "ఎవరింటి సామానుతోనైనా కలిసి వెళ్ళిపోయిందేమో గుర్తు తెచ్చుకో" అంది. వరండాలో నిలబడి అంది. అప్పు తీసుకున్న కరివేపాకు తిరిగివ్వడానికి పక్కింటి అనిత సరిగ్గా అప్పుడే మెట్లెక్కింది. మాటకి కాళ్ళుండవు గానీ, కాళ్ళున్నవాటికన్నా ముందే వీధి చివరికి చేరింది. సాయంత్రానికి అనిత వాళ్ళూ, ఆ పక్క మేడవాళ్ళూ, "పండగెళ్ళేదాకా రావద్దులే లక్ష్మణమ్మా" అన్నారు.

ఇదంతా పక్కగదిలో పేపరు అడ్డం పెట్టుకుని విన్నాడు మేస్టారు. పేపరు తిరగేసి ఉందని తరవాత చూసుకున్నాడు. రాత్రి అన్నంలో ఉప్పెక్కువైతే ఏమీ అనలేదు. తక్కువైనా అనడు. ఆ రోజు ఉప్పు తిన్న విశ్వాసం గురించి ఆలోచించే ధైర్యం ఆయనకి లేదు.

చవితినాడు పత్రి తెచ్చారు, పాలవెల్లి కట్టారు. చూడామణి వీణ తెచ్చి దేవుడి ముందు పెట్టి, యాలకులు చపాతీ కర్రతో నలిపింది. ఆ చప్పుడు ఒక్కొక్కటీ మేస్టారికి నెత్తి మీద వినిపించింది. ఏటా కథ చదివేది ఆయనే. పుస్తకం తెరిచేసరికి గుమ్మం బయట లక్ష్మణమ్మ నిలబడి ఉంది. తలస్నానం చేసింది. పనిలోకి వచ్చే చీర కాదు, ఉతికిన చీర.

"బాబూ, పోయినేడు సవితికి నాను పొరపాట్న సందురుణ్ణి సూసీసినాను" అంది. "కతయినా ఇన్నేదు, అచ్చింతలయినా ఏసుకోనేదు. అందికే ఈ నీలాపనింద నా మీద పడ్డాది. మీరు గట్టిగా సదవండి, ఇక్కణ్ణుంచి ఇంటాను. ఇని అచ్చింతలేసుకుంటే పోద్దంటారు గదా."

చూడామణి తల దించుకుని దీపం ఎగదోసింది. మేస్టారు చదవడం మొదలుపెట్టాడు.

కృష్ణుడు పాలు పితుకుతూ పాలలో చవితి చంద్రుణ్ణి చూశాడు. శమంతకమణి పోయింది. మణి తీసినది సింహమూ, ఎలుగూ. నింద పడింది కృష్ణుడి మీద. లక్ష్మణమ్మ చేతులు జోడించుకుని, ఒక్క మాట జారిపోకుండా వింటోంది. మేస్టారి గొంతు పాలపొంగులా మొదలై, పాలు విరిగినట్టయింది. ఆ కృష్ణుడు చెయ్యనిదానికి నింద మోశాడు. ఈ మోహనకృష్ణుడు చేసినదానికి మొయ్యకుండా కూర్చున్నాడు. "తన మీద పడిన నింద బాపుకొనుటకై కృష్ణుడు అడవికి పోయి…" అక్కడ ఆగిపోయాడు.

"అక్షరాలు కనపట్టం లేదా?" అంది చూడామణి.

"కనిపిస్తున్నాయి. అదే బాధ." పుస్తకం మూశాడు. "కల్వం నేను పట్టుకెళ్ళాను. కోట అవతల కొండ మీద వాన్లో వదిలేశాను. స్టాండుకి బరువు కావాలని."

"ఏ స్టాండు?"

"రగ్గు వెనకది."

చూడామణి బీరువా ఉన్న గది వైపు చూసింది. "కొత్తవలసలో కాలు విరిగిన కొలీగు?"

"కాలు విరగలేదు. అసలు ఆ కొలీగే లేడు."

ఆవిడ ఏడవలేదు, అరవలేదు. వీణ మీద వేసిన పట్టుగుడ్డ సర్దింది, సర్దిందే మళ్ళీ సర్దింది. తరవాత లేచి గుమ్మం దగ్గరకి వెళ్ళింది. "లక్ష్మణమ్మా, విన్నావు కదా. నాదే పొరపాటు. లోపలికి రా, ప్రసాదం తీసుకో."

లక్ష్మణమ్మ కదల్లేదు.

"ఇన్నాను అమ్మగోరూ. మీరిన్నారు, నానిన్నాను, యినాయకుడిన్నాడు. మరి ఆ మేడోళ్ళిన్నారా? అనితమ్మిన్నాదా? దొంగన్న మాట ఈదిలో తిరిగినాది, కాదన్న మాట గదిలో కూకుంటే నానెలా బతికీది?"

"నేను వెళ్ళి వాళ్ళతో చెబుతాను" అంది చూడామణి.

"మీరు కాదు." లక్ష్మణమ్మ వీధి మొగలో వినాయకుడి పందిరి వైపు చెయ్యి చూపించింది. అక్కడ మైకు పొద్దున్నుంచీ ఊదరగొడుతోంది. "బాబు సెప్పాల. అందులోంచి."

సాయంత్రం హారతికి వీధంతా చేరింది. మేస్టారు మైకు పుచ్చుకోగానే, ఏదో జోకు పేలుతుందని ముందు వరసవాళ్ళు అప్పుడే పళ్ళు బయటపెట్టారు. నోటికి అలవాటైన తోవ ఒకటే, ఆ తోవనే పోయింది.

"అందరికీ నమస్కారం. మా ఇంట్లో కల్వం పోయిందని మీకు తెలుసు. కల్వం తీసింది కలవరపడుతున్న ఈ కళంకితుడే! తేలిక కాళ్ళు కొని, తలవంపులు తెచ్చుకున్నవాణ్ణి…"

పందిరి గొల్లుమంది. "మేస్టారా మజాకా!" అని ఎవరో ఈల వేశారు. అనిత పమిట అడ్డం పెట్టుకుని పడిపడి నవ్వుతోంది. కల్వం మీద మేస్టారు కట్టుకథ కట్టాడని అందరి సంబరం. యాభై ఏళ్ళొచ్చినా తన మాటకి జనం ఇలా నవ్వడం ఆయనకి ఎంత ఇష్టమో. ఆ క్షణంలో మాత్రం ఆయన కళ్ళు లక్ష్మణమ్మ కోసం వెతికాయి.

లక్ష్మణమ్మ ఒక్కర్తే నవ్వలేదు. పందిరి గుంజ పక్కన నిలబడి ఉంది.

"నవ్వులొద్దు బాబూ" అంది. గట్టిగా అనలేదు, అయినా మైకులో పడింది. "నా పేరు సెప్పు."

నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి. మేస్టారు నోరు తెరిచాడు. వంద మాటలు ఎగబడ్డాయి, ప్రతిదానికీ ఒక తోకా, ఒక కొమ్మూ ఉన్నాయి. అన్నింటినీ మింగాడు. పిల్లలకి పాఠం మొదటిసారి చెప్పేటప్పుడు మాట్లాడినట్టు మాట్లాడాడు.

"లక్ష్మణమ్మ కల్వం తియ్యలేదు. నేను తీశాను. నేనే పోగొట్టాను. ఆవిడ మీద అనుమానం పడుతుంటే తెలిసి కూడా నోరు మూసుకుని కూర్చున్నాను. తప్పు నాది."

ఎవరూ నవ్వలేదు. హారతి పళ్ళెం పట్టుకున్నాయన పంతులు గారి వైపు చూశాడు. అనిత పమిట దించి చెప్పుల వైపు చూసుకుంది. చూడామణి జనం మధ్యలోంచి వచ్చి లక్ష్మణమ్మ పక్కన నిలబడింది.

మేస్టారు మైకు ఇచ్చేసి దిగి, లక్ష్మణమ్మ ముందుకొచ్చాడు. "సరిపోయిందా అమ్మా?"

"ఆఁ" అంది లక్ష్మణమ్మ. కొంగు బొడ్లో దోపుకుంది.

"రేపు వస్తావు కదూ?" అంది చూడామణి. అడగడానికే సిగ్గుపడుతున్నట్టు అడిగింది.

లక్ష్మణమ్మ వీధి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఒకసారి చూసింది.

"రేపు రాను అమ్మగోరూ. ఎల్లుండొస్తాను. రేపంతా ఆ కాదన్న మాట ఈదిలో తిరగాల."