బట్టల బండ మీద ముడతలు

దేవకుమారికి పొద్దుటి నుంచి కాలు ఒకచోట నిలవలేదు. మనవరాలు ప్రియ నిన్న బాపట్ల కాలేజీ నుంచి ఫోన్ చేసింది. "అమ్మమ్మా, మన బట్టల బండ ఫోటో చూపిస్తే మా సార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. రేపు మధ్యాహ్నం ఇద్దరం తెనాలి వస్తున్నాం."

ఆ బండ నిండా ఏనుగు తోలు లాంటి ముడతలు. రుద్దితే మురికి ఇట్టే వదులుతుందని, రేపల్లెలో కాపురం పెట్టిన కొత్తల్లో భర్త మత్తయి పల్నాడు వెళ్ళి ఏరికోరి తెచ్చాడు. తెనాలికి మారినప్పుడు మంచాలు వదిలేశాడు గానీ బండని లారీ ఎక్కించాడు. ఆయన పోయి తొమ్మిదేళ్ళు.

ఆ ముడతలు పాచివట, ప్రియ చెప్పింది. చెట్టూ చేపా పుట్టకముందు, కోట్ల ఏళ్ళ కిందట, లోతు లేని సముద్రంలో ఇసుక మీద చాపలా పరుచుకున్న పాచి. ఇసుక కప్పేస్తే రాయిలో అచ్చు నిలిచిందట. అంత పాతదాన్ని మ్యూజియానికి పట్టుకుపోకుండా తన పెరట్లో ఉంచుతారా?

"రోళ్ళకు గంట్లు కొడతాం!" వీధిలో ఉలీ సుత్తీ పట్టుకు తిరిగే నరసింహం కేక.

"ఇలా రా, నరసింహం. ఈ బండకి కొట్టు."

"దీనికెందుకు మామ్మగారూ? పుట్టుకతోనే గరుకు. మీ చీరలు పీలికలైపోతాయి."

"చీరలు నావి. కొట్టు."

"తర్వాత నన్ను తిట్టకూడదు మరి."

ఉలి దెబ్బలకి ఓ మూలన నాలుగు పెచ్చులు లేచాయి. మరో దెబ్బ పడబోతుంటే ఆమె గబుక్కున అడ్డం వెళ్ళింది. "చాలు, చాలు! వెళ్ళిపో!"

ప్రియ, బసవేశ్వరరావు మాస్టారు వచ్చేసరికి తెల్లటి పొడి ఇంకా బండ మీదే ఉంది.

"అమ్మమ్మా! ఎవరు చేశారిది?"

"నేనే. పాడైపోతే ఎవరూ పట్టుకెళ్ళరని."

మాస్టారు నవ్వాపుకోలేకపోయారు. "దీన్ని మొయ్యడానికి మేమేమైనా లారీ తెచ్చామాండి? ఫోటోలు తీసుకుని, ఏ ఊరి రాయో రాసుకుని పోదామని వచ్చాం."

ఆయన ఓ పెచ్చు తీసి భూతద్దం పెట్టి విరిగిన అంచు చూశారు. నవ్వు మాయమైంది. "ప్రియా, చూడు. ముడత కిందే సన్నటి నల్ల పొరలు, ఆ పాచివే. బండని పగలగొట్టమని ఏ ముఖంతో అడిగేవాణ్ణి? ఎలాగూ ఊడాయి కదమ్మా, ఇవి ఇస్తారా?"

"మళ్ళీ తెచ్చిస్తారా?"

"అబద్ధం చెప్పలేనండి. మైక్రోస్కోపులో చూడ్డానికి కాగితం కన్నా పలచగా అరగదీస్తాం. ఇక తిరిగి రావు."

ఏదీ గడప దాటకూడదని కొట్టించిన దెబ్బలే వాటికి దారి చూపించాయి. దేవకుమారి వంగి, కొంగుతో తుడిచి, ఒక్కొక్కటే ఆయన చేతిలో పెట్టింది.

"మూడేనా? నాలుగు చోట్ల ఊడినట్టుందే?"

"మూడేనండి."

ప్రియ అమ్మమ్మ పిడికిలి వైపు చూసింది.

"సార్, టీ తాగుతారా?" అంది.