గొంగడి చాటున పెండ్లిగుండు

యర్రగొండపాలెం అవతల, అడవి అంచున ఉన్న ఆ పల్లెలో ప్రతి మగపిల్లాడూ ఒక కథ వింటూ పెరుగుతాడు. వాళ్ల వంశానికి మూలపురుషుడు పెద్దెల్లన్న, గొర్రెల మంద మీదికొచ్చిన పులిని గుహలోకి తరిమి, ఒంటరిగా బండ ఎత్తి గుహ నోటికి అడ్డం పెట్టాడట. అది చూసిన పిల్ల, చేసుకుంటే ఇతన్నే చేసుకుంటానని అక్కడే కూర్చుందట. పడుకున్న దూడంత ఉండే ఆ బండే పెండ్లిగుండు. ఆ వంశంలో పెళ్లికొడుకు తాళి కట్టబోయే ముందు దాన్ని మోకాలి ఎత్తుకు లేపాలి. లేపినవాడే ఇల్లు నిలబెడతాడని ఊరి నమ్మకం. ఆ తంతును ఆడవాళ్లు గానీ పెళ్లికాని మగవాళ్లు గానీ చూడకూడదు. పెళ్లయిన మగవాళ్లు నల్లగొంగళ్లు చాపి చుట్టూ నిలబడతారు. డప్పులు మోగుతాయి. కాసేపటికి లోపలి నుంచి "లేపినాడో!" అని కేక వస్తుంది. ఇప్పటిదాకా ఆ కేక రాని పెళ్లి లేదు.

శివకృష్ణకు పెళ్లి కుదిరిన రోజు నుంచి అన్నం సయించలేదు. అతనికి మార్కాపురం బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. మనిషి సన్నం. తండ్రి యల్లయ్య మాత్రం కనబడిన వాళ్లందరికీ, "నా పెండ్లిలో నేను నడుము దాకా లేపినా. వాడు నా కొడుకు!" అని చెప్పుకుని తిరుగుతున్నాడు.

పక్కనే పలకరాళ్ల షెడ్డు నడిపే వలి బాషాకు స్నేహితుడి మీద జాలేసింది. దుకాణం కట్టేశాక రోజూ పలకరాళ్లు పేర్చి మోయించాడు. మూడు నెలలకు శివకృష్ణ నాలుగు పలకలు ఎత్తగలిగాడు. ఐదోది పెట్టగానే వెల్లకిలా పడ్డాడు.

"శివా, నువ్వు పెండ్లి చేసుకుంటాండావా, లారీకి లోడు ఎత్తుతాండావా?" అన్నాడు బాషా, అతన్ని లేపుతూ.

పెళ్లికూతురు నాగవేణిది వెలిగండ్ల. పశువుల ఆసుపత్రిలో పని, గొర్రెలకు సూదులేస్తుంది. శివకృష్ణ ధైర్యం తెచ్చుకుని ఒకరోజు ఫోన్లో అడిగాడు. "నాతో గుండు లేవకపోతే ఏం చేస్తావు?"

"లేవకపోతే పండుకోబెట్టండి దాన్ని," అని నవ్వేసింది. అతనికి మాత్రం నవ్వు రాలేదు.

పెళ్లిరోజు పొద్దున్నే డప్పులు మొదలయ్యాయి. గొంగళ్లు చుట్టూ కమ్ముకున్నాయి. శివకృష్ణ కళ్లు మూసుకుని, పంచె బిగించి, బండ కింద వేళ్లు దూర్చాడు.

"ఏందిరా అట్ల వంగుతావు? నడుము పోతది, ఆగు!" అన్నాడు చిన్నాన్న ఆంజనేయులు. గొంగడి మడతలోంచి పొడుగాటి గునపం తీసి బండ కింద దోపాడు. ఆరుగురు మగవాళ్లు తలా ఒక చెయ్యి వేశారు. బండ జానెడు లేచింది. "లేపినాడో!" అని అందరూ కలిసి అరిచారు.

శివకృష్ణ నోరు తెరుచుకుని తండ్రి వైపు చూశాడు. "నాయనా, నువ్వు కూడా ఇట్లనేనా?"

యల్లయ్య తల దించుకున్నాడు. "నాకూ ఇదే గునపం. మా నాయనకూ ఇదే."

మూడు నెలల భయమంతా శివకృష్ణ కడుపులోంచి నవ్వై తన్నుకొచ్చింది. నవ్వి నవ్వి బండ మీదే కూలబడ్డాడు. అంతలో ఊళ్లో ఈడొచ్చిన కుర్రాళ్లు గుర్తొచ్చారు. చాటుగా రాళ్లు మోస్తూ నడుములు విరగ్గొట్టుకుంటున్నారు వాళ్లు. అతను లేచి, గొంగడి అంచు పట్టుకున్నాడు.

"వద్దురా, పరువు పోతది!" అన్నాడు యల్లయ్య.

"పోతే పోనీ నాయనా. నా తర్వాత ఎవడూ ఇట్ల భయపడకూడదు," అని గొంగడి లాగేశాడు.

డప్పులు ఆగిపోయాయి. బండ కింద గునపం ఊరందరికీ కనబడింది. అందరికన్నా పెద్దది, నాయనమ్మ వెంకటసుబ్బులమ్మ, కర్ర ఊనుకుంటూ ముందుకొచ్చింది.

"ఇన్నాళ్లకు ఒకడు గొంగడి తీసినాడు! ఆ గునపం అటక మీద నుంచి దించి, తుప్పు తుడిచి పెట్టేది ఎవరనుకున్నార్రా?"

ఆడవాళ్లంతా ఒక్కసారి ఫక్కున నవ్వారు. యల్లయ్య బిత్తరపోయి భార్య వైపు తిరిగాడు. "రమణా, నీకూ తెలుసా?"

"మన పెండ్లినాడే తెలుసు. నువ్వు నడుము దాకా లేపినా అని చెప్పుకుంటాంటే నీ మొగం చూసేదానికి బాగుండేది. అందుకే ఊరుకున్న్యా," అంది రమణమ్మ.

యల్లయ్య చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత అతనూ నవ్వాడు.

నాగవేణి పట్టుచీర కొంగు నడుముకు దోపి ముందుకొచ్చింది. "ఏమండీ, ఎట్లాగూ అందరం ఉండాం. నిజంగానే మోకాలి దాకా లేపి చూద్దామా?"

చూస్తుండగానే బండ చుట్టూ ఆడామగా చేరారు. బాషా షర్టు చేతులు మడిచి, షెడ్డులో లోడు ఎత్తించినట్టే "ఏక్... దో... తీన్!" అన్నాడు. బండ మట్టి వదిలింది. జానెడు, మూరెడు, పెళ్లికొడుకు మోకాలి దాకా వచ్చింది. ఒక్క క్షణం ఎవరికీ అరవడం కూడా గుర్తు రాలేదు. తర్వాత లేచిన కేకకు దొడ్లలో గొర్రెలు కూడా అరిచాయి.

"ముహూర్తం దాటుతాంది!" అని పురోహితుడు మొత్తుకున్నాడు. వధూవరులు మట్టి చేతులతోనే పీటల మీద కూర్చున్నారు.

మరుసటి నెలలో ఆంజనేయులు కొడుకు పెళ్లి జరిగింది. గొంగళ్లు పట్టలేదు. చెయ్యి వేస్తామంటూ పామూరు నుంచి కూడా చుట్టాలు బస్సెక్కి వచ్చారు. పెళ్లికొడుకు ముందురోజు హాయిగా మూడుసార్లు వడ్డించుకుని తిన్నాడు.