నాలుగో బోల్టు

బావగారు ఫోన్ చేసినప్పుడు నేను వెంటనే సరే అనలేదు. రెండుసార్లు బతిమాలించుకుని అప్పుడు రమ్మన్నాను. ఆరేళ్ళుగా ఎదురుచూస్తున్న మనిషి తనంతట తానే వస్తానంటే, కాస్త బెట్టు చేయకపోతే ఏం బాగుంటుంది?

ఫోన్ పెట్టేసి లెక్కల మాస్టారికి కబురు పంపాను. మా ఆయనతో, "ఇవాళ గోడౌన్‌కి వెళ్ళకండి, నా షెడ్డులోనే ఉండండి," అన్నాను. ఎందుకని ఆయన అడగలేదు. అడిగే మనిషే అయితే మాకు ఈ గతి పట్టేది కాదు.

మా ఆయన అన్నగారికి బండ్లు బాగుచేసే పెద్ద షెడ్డు ఉంది. 'గారు' అంటున్నానంటే అది వరసకిచ్చే మర్యాద, మనిషికి కాదు. మా ఆయన ఆ షెడ్డులో అన్నకి కుడిభుజం. ఆరేళ్ళ క్రితం లెక్కల మాస్టారు తన వ్యాన్ తీసుకెళ్ళడానికి అక్కడికి వెళ్ళారు. ఎక్కబోయి ఫుట్‌బోర్డు మీద కాలు పెడితే అది ఊడి పడింది, మాస్టారి కాలు విరిగింది. దాన్ని బిగించింది బావగారు. కొత్త బోల్టులు తెప్పించడానికి బద్ధకించి, తుప్పుపట్టిన పాతవాటికే నల్లరంగు పూసి వేసేశాడు. తీరా షెడ్డు ముందు జనం మూగేసరికి, "మా తమ్ముడు బిగించాడండీ. వీడి చేతికి పని అప్పజెప్పడమే నా తప్పు," అన్నాడు.

మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి. అన్న మాటకి ఎదురు చెప్పలేక తల దించుకుని ఇంటికొచ్చేశాడు. ఆ తర్వాత ఏ షెడ్డువాడూ ఆయన్ని గడప తొక్కనివ్వలేదు. ఆయనా మళ్ళీ స్పానర్ ముట్టుకోలేదు. గోడౌన్‌లో పెట్టెలు మోయడానికి కుదురుకున్నాడు.

నాకు మాత్రం కడుపు మండిపోయింది. పెరట్లో పాత బండి తలుపులూ బంపర్లూ తెచ్చి పడేసి, ఆయన కుర్చీలో కూర్చుని నోటితో చెబుతుంటే నేను చేత్తో నేర్చుకున్నాను. ఇప్పుడు బిగుసుకుపోయిన బోల్టుని విరగకుండా తీయాలంటే ఊళ్ళో ఎవరైనా నా దగ్గరికే వస్తారు. నన్ను తుప్పక్క అంటారు. వినడానికి ఏమంత బాగుండదు గానీ నాకు నచ్చింది.

పది గంటలకి బావగారు తన సొంత వ్యాన్ తోలుకుని వచ్చాడు. ఫుట్‌బోర్డు రాయికి కొట్టుకుని వంకరపోయింది. రెండింటికి బండి తనిఖీ ఉంది, ఆ వంకరతో వెళితే పాసు చేయరు. కొత్త బోర్డు వెనక సీట్లో పెట్టుకుని తిరుగుతున్నాడు. పాతదాని నాలుగు బోల్టులూ కదిలితే ఒట్టు.

"మావాళ్ళు లాగి లాగి తలలు అరగ్గొట్టారమ్మాయ్," అన్నాడు. "ఒక్కటి విరిగి ముక్క లోపల ఉండిపోయిందంటే ఇక ఇవాళ్టికి అంతే. నువ్వే ఎలాగోలా చూడాలి."

"చూస్తాను బావగారూ. ఇంతకీ ఇవి బిగించింది ఎవరు?"

"నేనే. నా బండి మీద ఇంకొకడి చెయ్యి పడనిస్తానా?"

ఆ ముక్క కోసమే అడిగాను. పక్కన బెంచీ మీద మాస్టారు చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని వింటున్నారు. బావగారు అప్పుడు చూశాడు ఆయన్ని. చూసి, నమస్కారం పెట్టాలో మానాలో తెలియక జేబులు తడుముకున్నాడు.

నేను అట్టముక్క పరుచుకుని బండి కింద పడుకున్నాను. బోల్టుల చుట్టూ మట్టినీ తుప్పు పొలుసుల్నీ వైర్ బ్రష్‌తో దులిపాను. తుప్పు వదిలించే నూనె కొట్టి, తలల మీద సుత్తితో చిన్నగా తట్టాను. అలా తడితే నూనె మరల్లోకి దిగుతుంది. తర్వాత బయటికొచ్చి, చేతులు తుడుచుకుని కూర్చున్నాను.

"అదేంటి, కూర్చున్నావ్?"

"నూనె దిగాలి. అరగంట."

నిజానికి పావుగంట చాలు. రెండో పావుగంట నా కోసం. మాస్టారి ఎదురుగా బావగారు ముళ్ళమీద కూర్చున్నట్టు ఉంటే చూడటానికి నాకు రెండు కళ్ళూ చాలలేదు.

ఆ తర్వాత అరిగిన తల మీదికి ఆరుపలకల సాకెట్‌ని సుత్తితో కొట్టి ఎక్కించాను. ముందు విప్పే వైపు కాదు, బిగించే వైపు వెంట్రుకవాసి తిప్పాలి. పట్టు వదిలాక పావు చుట్టు వెనక్కి, మళ్ళీ కాస్త ముందుకి, మళ్ళీ నూనె. తొందరపడ్డామా, విరిగిందే. రెండు అలా వచ్చాయి. మూడోది మొండికేస్తే నూనె శుభ్రంగా తుడిచేసి, మంటతో కాచి, చల్లారాక తిప్పాను. కీచుమంటూ అదీ వచ్చింది. ఫుట్‌బోర్డు ఒక చివర నేలకి ఒరిగి, రెండో చివర నాలుగో బోల్టుకి వేలాడింది.

నాలుగోదాని జోలికి నేను పోలేదు. మూడింటినీ గుడ్డ మీద పెట్టి మాస్టారి ముందుకి తెచ్చాను. ఒకదాన్ని బ్రష్‌తో రుద్దితే నల్లరంగు రాలి, చెదలు తిన్న కర్రలా గుంటలు పడిన ఇనుము బయటపడింది. పైన పటారం, లోన లొటారం.

"చూశారా మాస్టారూ? తుప్పు రంగు కిందుంది. అంటే వేసేనాటికే పట్టి ఉంది. మరలకి చుక్క గ్రీజు లేదు. కొత్త బోల్టు తెచ్చి, రంధ్రం శుభ్రం చేసి, గ్రీజు రాసి బిగిస్తే ఎన్నేళ్ళకైనా మాట వింటుంది. ఆ మాత్రం ఓపిక లేక పాతదానికి రంగేసే చెయ్యి ఈ ఊళ్ళో ఒక్కటే ఉంది. అది ఎవరిదో ఇందాక వారే చెప్పారు."

మాస్టారు బోల్టుని వేళ్ళ మధ్య తిప్పి చూశారు. "నా బండివీ ఇలాగే నల్లగా నిగనిగలాడాయమ్మా. కొత్తవే అనుకున్నాను," అన్నారు.

బావగారు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. వాచీ చూసుకుని, "నాలుగోది కూడా తియ్యమ్మా, టైమవుతోంది," అన్నాడు.

"తీస్తాను. ఆ రోజు మాస్టారి ఫుట్‌బోర్డు ఎవరు బిగించారో చెప్పండి."

"పాత సంగతులు ఇప్పుడెందుకమ్మాయ్..."

"అయితే ఇలాగే తోలుకెళ్ళండి."

"ఒరేయ్, నువ్వైనా చెప్పరా మీ ఆవిడకి!"

మా ఆయన గోడకేసి చూస్తున్నాడు. పన్నెండున్నర దాటింది. బావగారు నీళ్ళు నమిలి నమిలి, చివరికి నేల చూపులు చూస్తూ, "నేనే బిగించాను. వాడి తప్పేం లేదు," అన్నాడు.

ఆ మాట కోసం నేను ఆరేళ్ళు కాచుకున్నాను. వినగానే ఒళ్ళంతా తేలికైపోయింది. ఇచ్చిన మాట ప్రకారం సాకెట్ అందుకుని వంగాను. మా ఆయన వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఉండు. తియ్యకు."

నేను తెల్లబోయాను.

"ఇక్కడ నలుగురమే ఉన్నాం అన్నయ్యా," అన్నాడు, గొంతు పెంచకుండా. "ఆ రోజు నువ్వు షెడ్డు ముందు చెప్పావు, అందరూ వినేట్టు. అక్కడికే పోదాం పద. నాలుగోది అక్కడ తీస్తాను."

"ఇది వేలాడుతుంటే ఎలా తోలనురా? రోడ్డుకి రాసుకుంటుంది!"

"రాసుకోనీ. మెల్లగా తోలు. మేం వెనక నడుస్తాం."

రెండు వీధుల దూరం. రోడ్డు మీద ఇనుము చేసిన రొదకి పళ్ళు జివ్వుమన్నాయి. కిటికీలు తెరుచుకున్నాయి. టైలరు కత్తెరతో సహా బయటికొచ్చాడు. మాస్టారి కుంటినడకకి తగ్గట్టు మేం నడిచాం, మాకు తగ్గట్టు బావగారు తోలాడు.

షెడ్డులో పనివాళ్ళంతా చేతిలో పనులు వదిలి వచ్చారు. బావగారు గొణిగినట్టు చెప్పాడు. "వెనకవాళ్ళకి వినపడలేదన్నయ్యా," అన్నాడు మా ఆయన. మళ్ళీ చెప్పాడు. వెల్డరు ఇప్పుడే వచ్చాడని మూడోసారీ చెప్పించాడు. పగంతా నాదే అనుకుని ఇన్నేళ్ళూ మురిసిపోయాను. ఆయన పెట్టెలతో పాటు మోసిన దాని ముందు నాది పసిపిల్ల.

ఆ తర్వాత మా ఆయన ఒంటిమీది ఉతికిన చొక్కాతోనే బండి కింద పడుకుని నాకేసి చెయ్యి చాపాడు. సాకెట్ ఇచ్చాను. నాలుగో బోల్టు విరగకుండా వచ్చింది. ఆయన అక్కడితో ఆగలేదు. నాలుగు రంధ్రాల్లో మరలూ ఒక్కొక్కటే శుభ్రం చేశాడు. షెడ్డులోంచి కొత్త బోల్టులు తెప్పించి, ఒక్కొక్కదానికీ తీరిగ్గా గ్రీజు రాశాడు.

"తొందరగా కానివ్వరా, రెండవుతోంది!"

"ఈ పని తొందరగా చెయ్యకూడదన్నయ్యా."

కొత్త బోర్డు బిగించి ఆయన లేచేసరికి మూడు దాటింది. తనిఖీ గేటు ఈపాటికి మూసేసి ఉంటారని మా అందరికీ తెలుసు. బావగారు మొహం తుడుచుకుంటూ, "చెయ్యి తిరిగినవాడివిరా. జరిగిందేదో జరిగింది, రేపటినుంచి షెడ్డుకి వచ్చెయ్," అన్నాడు.

"రాను," అన్నాడు మా ఆయన.

ఇంటికెళ్ళే దారిపొడుగునా ఆ ఒక్క మాటా ఆయనచేత మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాను.